తాళం ఎవరి దగ్గర? బ్రిటన్ రాజ్యాంగంలో అధికారాల పంచాయితీ

క్లుప్తంగా: బ్రిటన్‌కు ఒకే పుస్తకంగా కుట్టిన రాజ్యాంగం లేదు. ఒకప్పుడు రాజు చేతిలో ఉన్న అధికారాల్లో చాలావరకు ఇప్పుడు ప్రధాని చేతిలో ఉన్నాయి. వాటికి పగ్గం వేయాల్సింది పార్లమెంటు. ఆ పార్లమెంటులో మెజారిటీ మళ్లీ ప్రధాని పార్టీదే. 2019 నుంచి ఆ దేశంలో నడుస్తున్న చర్చ అంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతోంది. రాజ్యాంగం రాసుకోవాలా వద్దా అన్నది అందులో సగం ప్రశ్న మాత్రమే.

## ఒక టిక్కు, ఒక ‘ఎస్’

2019 ఆగస్టు 15న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ ముందుకు ఒక నోట్ వచ్చింది. సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా పార్లమెంటును ప్రొరోగ్ చేయమని, అంటే సెషన్ ముగించి మూసి ఉంచమని, రాణిని కోరదామా అని ఆయన కార్యాలయ అధికారి ఒకరు అందులో అడిగారు. ఆ కాగితం మీద ఒక టిక్కు, పక్కన ‘ఎస్’ అన్న మాట పడ్డాయి. ఆగస్టు 28న స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో, రాణికి లాంఛనంగా సలహా ఇచ్చే ప్రివీ కౌన్సిల్ సమావేశమైంది. ప్రభుత్వం తరఫున వెళ్లింది ముగ్గురే. ఎలిజబెత్ రాణి ఆమోదం తెలిపారు. సెప్టెంబరు 9 అర్ధరాత్రి దాటాక పార్లమెంటు మూతపడింది.

ఇందులో కంగారు పడాల్సింది ఏముందని అనిపించవచ్చు. పార్లమెంటుకు సెలవులు మామూలే కదా. కానీ సెలవుకూ ప్రొరోగ్ చేయడానికీ చాలా తేడా ఉంది. సెలవు తీసుకోవాలా వద్దా అని సభే ఓటు వేసి తేల్చుకుంటుంది. సెలవుల్లోనూ కమిటీలు కూర్చుంటాయి, మంత్రులకు రాతపూర్వక ప్రశ్నలు వేయవచ్చు. ప్రొరోగ్ చేస్తే ఇవన్నీ ఆగిపోతాయి. పూర్తికాని బిల్లుల్లో ఎక్కువ భాగం రద్దవుతాయి. అన్నిటికన్నా పెద్ద విషయం, దీనికి సభ అనుమతి అక్కర్లేదు. ప్రభుత్వం సలహా ఇస్తుంది, రాజో రాణో ఒప్పుకుంటారు, అంతే.

అప్పుడున్న సమయం కూడా మామూలుది కాదు. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావాల్సిన గడువు అక్టోబరు 31. వేసవి సెలవులు ముగిసిన నాటి నుంచి ఆ గడువు దాకా 8 వారాలుంటే, అందులో 5 వారాలు పార్లమెంటు తలుపులు మూసి ఉండాలన్నది ప్రభుత్వ నిర్ణయం. ఒప్పందం లేకుండా బయటపడటాన్ని, ప్రజలు ఎన్నుకునే దిగువ సభ కామన్స్‌లో మెజారిటీ సభ్యులు వ్యతిరేకిస్తున్నారని అందరికీ తెలుసు. అంటే సభకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వమే ఆ సభను మూసేసింది, సభకేమో ఆపే దారి లేదు. ఇలా జరగకూడదని ఎక్కడ రాసి ఉంది? ఎక్కడా లేదు.

## అలిఖితం అంటే అసలు రాయలేదని కాదు

మన పాఠ్యపుస్తకాల్లో బ్రిటన్‌ది ‘అలిఖిత రాజ్యాంగం’ అని చదువుకుంటాం. ఈ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. 1689 హక్కుల చట్టం, 1701 వారసత్వ చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం, అదే ఏడాది వచ్చిన స్కాట్లండ్ చట్టం, సుప్రీంకోర్టును ఏర్పాటు చేసిన 2005 చట్టం, ఇవన్నీ రాసినవే. రాయనిది సంప్రదాయాల భాగం. ప్రధాని కామన్స్ సభ్యుడై ఉండాలన్నది, సభ విశ్వాసం పోతే దిగిపోవాలి లేదా ఎన్నికలకు వెళ్లాలన్నది, పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు అడ్డు చెప్పకూడదన్నది ఎక్కువగా ఆచారం మీదే నడుస్తున్నాయి. ఒక రాజు లేదా రాణి బిల్లుకు ఆమోదం నిరాకరించిన చివరి సందర్భం 1708లో, ఆన్ రాణి కాలంలో. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఎవరూ ఆ పని చేయలేదు.

అసలు తేడా రాయడంలో లేదు, పై మెట్టు లేకపోవడంలో ఉంది. భారత్‌లో రాజ్యాంగం అన్ని చట్టాల పైన ఉంటుంది. దాన్ని మార్చాలంటే ప్రత్యేక మెజారిటీ కావాలి. బ్రిటన్‌లో మానవ హక్కుల చట్టాన్నీ, కుక్కల లైసెన్సుల మీద చేసిన చట్టాన్నీ మార్చే పద్ధతి ఒక్కటే. కామన్స్‌లో ఒక్క ఓటు తేడాతో నెగ్గినా చాలు. పార్లమెంటు ఏ చట్టమైనా చేయవచ్చు, ఏ చట్టాన్నైనా రద్దు చేయవచ్చు, దాన్ని కొట్టేసే అధికారం ఏ కోర్టుకూ లేదు. న్యాయవేత్త డైసీ 1885లో సూత్రీకరించిన ‘పార్లమెంటు సార్వభౌమాధికారం’ అంటే ఇదే. ఈ రోజుకీ ఆ దేశ రాజ్యాంగానికి ఇదే మూలస్తంభం.

## కిరీటం నుంచి ప్రధాని బల్ల మీదికి

1610లో మొదటి జేమ్స్ రాజు తన ప్రకటనలతోనే కొత్త నేరాలు సృష్టించవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్, తోటి న్యాయమూర్తులు కుదరదన్నారు. దేశ చట్టం ఇచ్చినంత మేరకే రాజుకు విశేషాధికారం ఉంటుంది, అంతకు మించి లేదని తేల్చారు. 1642లో మొదటి చార్లెస్ సైనికులను వెంటబెట్టుకుని కామన్స్‌లోకి వచ్చి ఐదుగురు సభ్యులను అరెస్టు చేయబోయాడు. ఆ తర్వాత అంతర్యుద్ధం, 1649 జనవరిలో ఆయనకు శిరచ్ఛేదం. 1689 హక్కుల చట్టంతో పార్లమెంటు అనుమతి లేకుండా పన్నులు వేయడం, చట్టాలను పక్కన పెట్టడం, శాంతికాలంలో సైన్యాన్ని పోషించడం రాజుకు నిషిద్ధమయ్యాయి.

ఇంత వరకూ కథ అందరికీ తెలిసిందే: రాజు ఓడిపోయాడు, పార్లమెంటు గెలిచింది. అయితే గెలిచిన పార్లమెంటు రాజు అధికారాలన్నిటినీ తన చేతిలోకి తీసుకోలేదు. చాలా అధికారాలను రాజు పేరు మీదే ఉంచి, మంత్రుల సలహా ప్రకారం వాడాలన్న ఆచారం పెట్టుకుంది. యుద్ధానికి సైన్యాన్ని పంపడం, విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకోవడం, మంత్రులను పెట్టడం, తీసేయడం, ఎగువ సభ లార్డ్స్‌లోకి కొత్త సభ్యులను పంపడం, పార్లమెంటును ప్రొరోగ్ చేయడం అన్నీ ఈ ఖాతాలోవే. రాజు సొంతంగా వాడకూడదు, పార్లమెంటు ముందుగా ఓటు వేయాల్సిన అవసరం లేదు. ఇక మిగిలింది ప్రధాని. 17వ శతాబ్దంలో రక్తం చిందించి రాజు నుంచి లాక్కున్న అధికారాల్లో పెద్ద వాటా చివరికి డౌనింగ్ స్ట్రీట్‌లో ప్రధాని ఉండే ఇంటికి చేరింది.

యుద్ధం విషయం చూస్తే ఆచారం ఎంత సన్నని దారమో అర్థమవుతుంది. 2003 మార్చి 18న ఇరాక్ యుద్ధంపై టోనీ బ్లెయిర్ ప్రభుత్వం కామన్స్‌లో ఓటింగ్ పెట్టింది. 2013 ఆగస్టులో సిరియాపై దాడుల ప్రతిపాదన 285-272 తేడాతో ఓడిపోయింది. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ ఆ తీర్పును శిరసావహించి ఆగిపోయారు. యుద్ధానికి ముందు సభను అడగడం కొత్త సంప్రదాయమైందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 2018 ఏప్రిల్‌లో ప్రధాని థెరెసా మే ఏ ఓటింగూ లేకుండానే సిరియాపై వైమానిక దాడులు చేయించారు. ఐదేళ్లలో ఒక సంప్రదాయం పుట్టింది, సడలిపోయింది. కోర్టుకు వెళ్లడానికి ఏమీ లేదు.

## సభలో లెక్క

మరి ప్రధానిని ఆపేది ఎవరు? జవాబు కామన్స్ సభ. అక్కడ 650 స్థానాలున్నాయి. ఒక నియోజకవర్గంలో అందరికన్నా ఒక ఓటు ఎక్కువ వస్తే గెలిచినట్టే, మన దగ్గరున్న పద్ధతే. 2024 జూలై 4న జరిగిన ఎన్నికల్లో లేబర్ పార్టీకి వచ్చిన ఓట్లు 33.7 శాతం. సీట్లు మాత్రం 411. మూడింట ఒక వంతు ఓటుతో దాదాపు మూడింట రెండు వంతుల సభ దక్కింది. ఎన్నికల పద్ధతి ఇచ్చే ఈ బోనస్‌ను ‘పార్లమెంటు ఏదైనా చేయగలదు’ అన్న సూత్రంతో కలిపి చూస్తేనే సమస్య పూర్తి ఆకారం కనబడుతుంది. ఒక్కోటి విడిగా అంత ప్రమాదం కాదు. రెండూ కలిస్తే, మూడో వంతు ఓటర్లు ఇచ్చిన తీర్పుతో ఏ చట్టాన్నైనా తిరగరాసే అధికారం వచ్చేస్తుంది.

దీనిపై మంత్రి పదవుల లెక్క ఒకటి ఉంది. కామన్స్ నుంచి 95 మంది దాకా మంత్రులు కావచ్చు. వారితో పాటు జీతం లేకుండా మంత్రులకు సహాయకులుగా ఉండే ఎంపీలు మరికొందరు. వీళ్లంతా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేస్తే పదవి పోతుంది. సభ ఎజెండా కూడా ప్రభుత్వం చేతిలోనే. ప్రతి సమావేశంలోనూ ప్రభుత్వ వ్యవహారాలకే ప్రాధాన్యం అని సభ నిబంధన 14 చెబుతుంది. ప్రతిపక్షాలకు ఒక సెషన్‌లో 20 రోజులు, సభ్యుల సొంత బిల్లులకు 13 శుక్రవారాలు మిగులుతాయి.

కన్సర్వేటివ్ నేత లార్డ్ హెయిల్షామ్ 1976లో బీబీసీలో ప్రసంగిస్తూ ఈ ఏర్పాటును ‘ఎన్నికైన నియంతృత్వం’ అన్నారు. అప్పుడు ఆయన పార్టీ ప్రతిపక్షంలో ఉంది. 1979లో అధికారంలోకి రాగానే ఆయన మళ్లీ లార్డ్ ఛాన్సలర్ (న్యాయ వ్యవస్థ బాధ్యతలు చూసే కేబినెట్ మంత్రి) అయ్యారు, 1987 దాకా ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లలో ఆ ఏర్పాటు ఏమీ మారలేదు. ఇది ఆయన ఒక్కరి కథ కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ వ్యవస్థ లోపాలు రెండు పార్టీలకూ స్పష్టంగా కనిపిస్తాయి. అధికారంలోకి వచ్చాక అవే లోపాలు వాళ్లకు ఉపయోగపడతాయి. యాభై ఏళ్లుగా చర్చ నడుస్తున్నా మార్పు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అయినా సొంత పార్టీ ఎంపీలు ఎప్పుడూ తలూపుతారని కాదు. 2019 సెప్టెంబరు 3న 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలు ప్రతిపక్షంతో చేతులు కలిపి 328-301 ఓట్లతో సభ ఎజెండాను ప్రభుత్వం చేతుల్లోంచి లాక్కున్నారు. వారిలో చర్చిల్ మనవడు నికోలస్ సోమ్స్, మాజీ ఆర్థిక మంత్రులు కెన్ క్లార్క్, ఫిలిప్ హామండ్ ఉన్నారు. ఆ రాత్రే అందరినీ పార్లమెంటరీ పార్టీ నుంచి బయటికి పంపేశారు. కానీ ఒప్పందం లేకుండా బయటపడకుండా గడువు పొడిగింపు కోరాలని ప్రధానిని బలవంతపెట్టే చట్టం ఆరు రోజుల్లో, ప్రొరోగ్ అమల్లోకి రావడానికి కొన్ని గంటల ముందు పూర్తయింది. సభ నిజంగా తలచుకుంటే ఏం చేయగలదో ఆ వారం చూపించింది. ఎంత అరుదుగా తలచుకుంటుందో కూడా.

## లార్డ్స్: ఆపలేరు, ఆలస్యం చేయగలరు

1909 నవంబరు 30న లార్డ్స్ సభ ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ బడ్జెట్‌ను 350-75తో తిరస్కరించింది. భూస్వాములపై పన్నులు అందులో ఉన్నాయి. 1910లో రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. మాట వినకపోతే వందలమంది కొత్త ప్రభువులను సృష్టించి సభను నింపేస్తామని ప్రభుత్వం హెచ్చరించాక, 1911 ఆగస్టులో 131-114 ఓట్లతో లార్డ్స్ తమ వీటో అధికారాన్ని వదులుకున్నారు. ఇప్పుడు మనీ బిల్లును నెల రోజులు, మిగతా బిల్లుల్లో చాలావాటిని దాదాపు ఏడాది పాటు మాత్రమే ఆపగలరు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక తెలిసిన ముఖం కనిపిస్తుంది. మనీ బిల్లు అన్న భావన, అది మనీ బిల్లే అని స్పీకర్ ధ్రువీకరించే పద్ధతి భారత రాజ్యాంగంలోకి ఆ 1911 చట్టం నమూనాలోనే వచ్చాయి. రాజ్యసభకు ఇచ్చిన గడువు ఇంకా తక్కువ, 14 రోజులు. 2016లో ఆధార్ చట్టాన్ని మనీ బిల్లుగా తెచ్చినప్పుడు వచ్చిన గొడవకు వేళ్లు వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటన్ పార్లమెంటులో ఉన్నాయి.

లార్డ్స్‌కు ప్రజలు ఓటు వేయరు కాబట్టి గట్టిగా నిలబడే నైతిక బలం వారికి లేదు. ప్రజలు ఓటు వేసే రెండో సభ వస్తే అది కామన్స్‌తో పోటీ పడుతుందని ప్రభుత్వాలకు భయం. అందుకే 1999లో వారసత్వ ప్రభువుల్లో 92 మందిని ఉంచి మిగతావారిని పంపించాక, ‘తర్వాతి దశ’ సంస్కరణ దశాబ్దాలు నత్తనడక నడిచింది.

## కోర్టు గీసిన గీత

మళ్లీ 2019కి. స్కాట్లండ్ కోర్టు సెప్టెంబరు 11న ప్రొరోగ్ చేయడం చట్టవిరుద్ధమంది. లండన్‌లోని హైకోర్టు ఇది రాజకీయ విషయం, కోర్టులు తలదూర్చేది కాదంది. రెండూ సుప్రీంకోర్టుకు చేరాయి. సొంత పార్టీ ప్రధాని నిర్ణయానికి వ్యతిరేకంగా మాజీ ప్రధాని జాన్ మేజర్ కూడా వాదన వినిపించారు.

సెప్టెంబరు 24న 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. అధ్యక్షురాలు లేడీ హేల్ చదివారు. తర్కం ఇలా సాగింది. పార్లమెంటు సార్వభౌమం అన్నారు కదా. ప్రభుత్వం ఎంతకాలం కావాలంటే అంతకాలం దాన్ని మూసేయగలిగితే ఇక ఆ సార్వభౌమాధికారానికి అర్థమేముంది? కాబట్టి ఈ అధికారానికి ఒక హద్దు ఉండి తీరాలి. సరైన కారణం చూపకుండా పార్లమెంటు తన పని తాను చేయకుండా అడ్డుపడితే ఆ హద్దు దాటినట్టే. కొత్త సెషన్‌కు ప్రభుత్వ కార్యక్రమ ప్రసంగం సిద్ధం చేయాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. దానికి మామూలుగా పట్టేది నాలుగు నుంచి ఆరు రోజులు. ఐదు వారాలు ఎందుకో చెప్పే కాగితం ఒక్కటీ కోర్టు ముందుకు రాలేదు. ప్రొరోగ్ ఉత్తర్వు తెల్లకాగితంతో సమానమని, పార్లమెంటు అసలు ప్రొరోగ్ కానే లేదని కోర్టు ప్రకటించింది. మర్నాడు సభ కూర్చుంది.

ఈ తీర్పుపై వచ్చిన విమర్శ కొట్టిపారేయదగ్గది కాదు. ‘సరైన కారణం’ అన్న కొలబద్దను అంతకుముందు ఏ చట్టం చెప్పలేదు. రాజకీయ నాయకులు తేల్చుకోవాల్సిన సంప్రదాయంలోకి న్యాయమూర్తులు దిగారని, 1689 హక్కుల చట్టం పార్లమెంటు కార్యకలాపాలను కోర్టులు ప్రశ్నించకూడదంటున్నా పట్టించుకోలేదని విమర్శకులు అన్నారు. ప్రొరోగ్ అన్నది సభ తీసుకున్న నిర్ణయం కాదు, బయటి నుంచి సభ మీద రుద్దినది, అందువల్ల ఆ రక్షణ దానికి వర్తించదని కోర్టు సమాధానం. ఈ సమాధానమే బలంగా ఉంది. ఎందుకంటే సభకు తనను తాను కాపాడుకునే అవకాశమే లేకుండా చేసిన చర్య అది. సభ మూతపడితే సభలో అవిశ్వాసం కూడా పెట్టలేరు. రాజకీయ పరిష్కారం ఉన్నచోట కోర్టు దూరంగా ఉండాలన్న వాదన, ఆ రాజకీయ వేదికకే తాళం వేసినప్పుడు నిలబడదు.

అయితే ఈ తీర్పు చూసి బ్రిటన్ కోర్టులకు మన సుప్రీంకోర్టులాంటి అధికారాలు వచ్చేశాయనుకుంటే పొరపాటు. కోర్టు అడ్డుకున్నది ప్రభుత్వాన్ని, పార్లమెంటును కాదు. పార్లమెంటు చట్టమే హక్కులకు విరుద్ధంగా ఉంటే, 1998 మానవ హక్కుల చట్టం కింద ‘ఇది పొసగడం లేదు’ అని ప్రకటించడం వరకే కోర్టు పని. విదేశీయులను విచారణ లేకుండా నిరవధికంగా నిర్బంధించే నిబంధనపై 2004 డిసెంబరులో అప్పటి అత్యున్నత న్యాయమూర్తులైన లా లార్డ్స్ 8-1తో అలాంటి ప్రకటనే చేశారు. ఆ నిబంధన మాత్రం 2005 మార్చిలో పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా అమల్లోనే ఉంది.

దీనికి మరింత గట్టి ఉదాహరణ రువాండా వ్యవహారం. ఆశ్రయం కోరి వచ్చినవారిని రువాండాకు పంపించాలన్న విధానాన్ని 2023 నవంబరు 15న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చట్టవిరుద్ధమంది. అక్కడి నుంచి వాళ్లను మళ్లీ ప్రమాదంలోకి పంపేసే అవకాశం ఉందని సాక్ష్యాలు పరిశీలించి తేల్చింది. ప్రభుత్వం రువాండాతో కొత్త ఒప్పందం చేసుకుని, దానితో పాటు ఇంకో చట్టం తెచ్చింది. రువాండా సురక్షిత దేశమే అని అందరూ భావించి తీరాలని ఆ చట్టం శాసించింది. 2024 ఏప్రిల్ 25న రాజు ఆమోదం పడింది. ఒక దేశంలో పరిస్థితి ఎలా ఉందన్న వాస్తవాన్ని ఓట్ల లెక్కతో నిర్ణయించారన్నమాట. జూలైలో ప్రభుత్వం మారి ఆ పథకమే రద్దయింది. దాన్ని ఆపింది కోర్టు కాదు, లార్డ్స్ కాదు, ఎన్నికలు.

## మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చిన రూల్స్

కంటికి అంతగా కనబడని ఇంకో దారి ఉంది. పార్లమెంటు చట్టం కింద మంత్రులు నేరుగా జారీ చేసే నిబంధనలు, మన దగ్గర రూల్స్, నోటిఫికేషన్లు లాంటివి. కోవిడ్ వ్యాపిస్తున్న వేళ 2020 మార్చి 23 రాత్రి ప్రధాని టీవీలో కనబడి ఇళ్లు దాటి రావద్దన్నారు. ఇంగ్లండ్‌లో ఆ మాటకు చట్టబలం ఇచ్చిన నిబంధనలు మార్చి 26 మధ్యాహ్నం 1 గంటకు వచ్చాయి. 1984 ప్రజారోగ్య చట్టం కింద మంత్రి సంతకంతో, ముందుగా సభలో ఓటింగ్ లేకుండానే అమల్లోకి వచ్చేశాయి. కోట్లమందిని ఇళ్లకు కట్టడి చేసిన ఆదేశానికి ఆ రోజు అంతకు మించి ఏమీ అవసరం కాలేదు. ఆ అత్యవసరంలో అది తప్పదని ఒప్పుకున్నా, ఆ దారి అలవాటుగా మారడమే అసలు చిక్కు. ఇలాంటి నిబంధనల్లో మార్పులు చేసే వీలు సభకు లేదు. అయితే మొత్తంగా ఒప్పుకోవాలి, లేదంటే మొత్తంగా తోసిపుచ్చాలి. కామన్స్ ఇలాంటిదాన్ని తోసిపుచ్చిన చివరి సందర్భం 1979లో.

## రాస్తే చాలా? స్కాట్లండ్ పాఠం

అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటే సరి అనేవారు స్కాట్లండ్ అనుభవాన్ని చూడాలి. స్కాట్లండ్ పార్లమెంటు పరిధిలోని విషయాలపై దాని సమ్మతి లేకుండా వెస్ట్‌మినిస్టర్ మామూలుగా చట్టం చేయదన్న సంప్రదాయం ఉండేది. 2016లో దాన్ని చట్టంలోనే రాశారు. మరుసటి ఏడాది బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడం) కేసులో సుప్రీంకోర్టు, రాసినా అది రాజకీయ సంప్రదాయమే, అమలు చేయించడం కోర్టు పని కాదంది. 2018లో స్కాట్లండ్ పార్లమెంటు బ్రెగ్జిట్ చట్టానికి సమ్మతి నిరాకరించింది. వెస్ట్‌మినిస్టర్ ఆ చట్టాన్ని ఆమోదించుకుంది. ‘మామూలుగా’ అన్న ఒక్క మాట చాలింది.

ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. నియమం కాగితం మీద ఉందా, నోటి మాటగా ఉందా అన్నది రెండో ప్రశ్న. దాన్ని ఎవరైనా తప్పితే ఆపే శక్తి ఎవరికి ఉంది, ఆ శక్తి ఉన్నవాళ్లు తప్పినవాడి చేతి కింద ఉన్నారా లేరా అన్నది మొదటి ప్రశ్న. తలుపుకు తాళం ఉండటం ఒక్కటే చాలదు, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూడాలి.

## మన దగ్గర ఏం జరిగింది

వెస్ట్‌మినిస్టర్ సంప్రదాయాలను భారత్ తెచ్చుకుని కొన్నిటిని రాసుకుంది. పార్లమెంటు రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని 85వ అధికరణం చెబుతుంది. బ్రిటన్‌లో ఇలాంటి రాత హద్దు 1694 నాటి చట్టంలో ఉంది, అది మూడేళ్లు! 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 7-6 తేడాతో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేల్చారు. డైసీ సూత్రానికి ఇది పూర్తి వ్యతిరేకం.

రాయకుండా వదిలినచోట ఏమవుతుందో తెలుగువారికి స్వయంగా తెలుసు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్, శాసనసభలో బలపరీక్ష లేకుండానే ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. మెజారిటీ ఎవరిదో సభలో తేలాలన్నది అప్పటికి ఆచారమే. దాన్ని నిలబెట్టింది కోర్టు కాదు. ఢిల్లీ దాకా వెళ్లిన ఎమ్మెల్యేలు, వీధుల్లోకి వచ్చిన జనం. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పదేళ్ల తర్వాత 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, మెజారిటీ తేల్చాల్సిన చోటు సభే అని ఖరారు చేసింది. ఆచారం ఒకసారి తెగితే దాన్ని చట్టంగా కట్టే పని కోర్టుల మీద పడటం బ్రిటన్‌కు 2019లో కొత్తగా అనిపించింది గానీ, మనకు పాత అనుభవం.

ఫిరాయింపుల నిరోధక చట్టం మాత్రం దీనికి ఎదురు దిశలో పనిచేసింది. బ్రిటన్‌లో ఆ 21 మంది విప్‌ను ధిక్కరించి పార్టీలో చోటు పోగొట్టుకున్నా సభ్యత్వం నిలిచింది. 1985 పదో షెడ్యూల్ ఉన్న భారత్‌లో అలా ఓటు వేస్తే సీటే పోయే ప్రమాదం ఉంది. బలమైన కోర్టు మనకు ఉంది, స్వతంత్రించి ఓటు వేయగల ఎంపీ వాళ్లకు ఉన్నాడు. ఈ రెండిట్లో ఏది పెద్ద రక్షణ అన్నది తేలిక ప్రశ్న కాదు.

## పాత పద్ధతి పక్షాన ఉన్న వాదన

ఈ వ్యవస్థను సమర్థించేవారు వేగాన్ని చూపిస్తారు. 1940 మే 8న నార్వేలో యుద్ధ వైఫల్యంపై జరిగిన చర్చలో ప్రధాని చాంబర్లేన్ ఓటింగ్‌లో నెగ్గారు, 281-200. కానీ మెజారిటీ అంత పడిపోవడంతో రెండు రోజుల్లో చర్చిల్ వచ్చారు, ఎన్నికలు లేకుండానే. 2022 జూలైలో 50 మందికి పైగా మంత్రులు, సహాయకులు రాజీనామా చేస్తే, రెండున్నరేళ్ల కింద 80 సీట్ల ఆధిక్యం తెచ్చిన జాన్సన్ దిగిపోయారు. తర్వాత వచ్చిన లిజ్ ట్రస్ 49 రోజులే ఉన్నారు. అమెరికాలో అధ్యక్షుణ్ని అభిశంసనతో దింపడం ఇప్పటిదాకా ఒక్కసారీ జరగలేదు. బడ్జెట్ తగాదాతో 2018-19లో అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు 35 రోజులు మూతపడ్డాయి. లండన్‌లో అలాంటి ప్రతిష్టంభన రాదు.

ఇది నిజమే. కానీ ఈ ఉదాహరణలన్నీ పార్టీకి నష్టం కలిగించిన నాయకుణ్ని పార్టీయే దింపుకున్నవి. పార్టీకి లాభం, ఇతరులకు నష్టం కలిగించే పని చేసినప్పుడు ఆ ఎంపీలే కదులుతారన్న హామీ ఏదీ లేదు. న్యూజిలాండ్ ఈ విషయంలో వేరే దారి చూపింది. అక్కడా ఒకే పుస్తకంగా రాజ్యాంగం లేదు, ఎగువ సభను కూడా 1950లోనే రద్దు చేశారు. 1993 రెఫరెండంతో ఓట్ల శాతానికి తగ్గట్టు సీట్లిచ్చే పద్ధతికి మారారు. 1996 నుంచి అది అమల్లో ఉంది, ఒకే పార్టీకి పూర్తి మెజారిటీ వచ్చింది 2020లో ఒక్కసారే. పుస్తకం రాయకుండానే తాళంచెవిని ఇద్దరు ముగ్గురికి పంచారు.

## ఇప్పుడు గీత ఎక్కడుంది

2019 తర్వాత బ్రిటన్ చేసిన ముఖ్యమైన మార్పు 2022 మార్చిలో వచ్చింది. ముందస్తు ఎన్నికలకు కామన్స్‌లో మూడింట రెండు వంతుల సభ్యుల మద్దతు అవసరమన్న 2011 చట్టాన్ని రద్దు చేసి, పార్లమెంటును రద్దు చేసే అధికారాన్ని మళ్లీ పాత పద్ధతిలో రాజుకు, అంటే ప్రధానికి ఇచ్చారు. సభ అనుమతి ఉండాలని లార్డ్స్ చేసిన సవరణను కామన్స్ తోసిపుచ్చింది. ఆ కొత్త చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఈ అధికారాన్ని ఎలా వాడారని గానీ, దాని హద్దులేమిటని గానీ ఏ కోర్టూ అడగకూడదు. 2019 తీర్పు నుంచి ప్రభుత్వం నేర్చుకున్నది ఇది.

ఆ నిషేధం పార్లమెంటును రద్దు చేయడానికే పరిమితం. ప్రొరోగ్ చేయడం గురించి ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు. కాబట్టి ఇంకో ప్రధాని ముందుకు ఇంకో నోట్ వచ్చి, ఇంకో టిక్కు పడితే, కారణమేమిటని అడిగే హక్కు ప్రస్తుతానికి కోర్టుకు ఉంది. దాన్ని తీసేయాలంటే కామన్స్‌లో మామూలు మెజారిటీ చాలు.